2,222 కంటే ముందు 15 నెలలు: జాన్ క్లౌ దొరగారి జీవితం



దైవజనుల జీవిత చరిత్రల వరుసలో ఈ వారం మన ఛానెల్‌లో జాన్ ఎవరెట్ క్లౌ గారి గురించి చూశాం. వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన సంగతులు చాలా ఉన్నాయి. వాటిని ఇక్కడ కొంచెం నిదానంగా రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

క్లౌ గారి పేరు వినగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒక్కటే. 1878 జూలై 3, గుండ్లకమ్మ ఏరు, ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం. ప్రకాశం జిల్లా వైపు ఏ సంఘ వార్షికోత్సవానికి వెళ్లినా ఈ అంకె ఒకసారైనా వినబడుతుంది. వాట్సాప్ స్టేటస్‌లలో కూడా తిరుగుతూ ఉంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా పనిలో నంబర్ అంటే ప్రాణం. ఎంతమంది యూజర్లు వచ్చారు, ఈ నెల గ్రాఫ్ పైకి వెళ్లిందా కిందకి వెళ్లిందా అని రోజూ చూసుకుంటాం. అందుకే ఇంత పెద్ద నంబర్ విన్నప్పుడు దాని వెనక ఏం జరిగిందో తెలుసుకోవాలనిపించింది. చదువుతూ పోతే ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. ఈ 2,222కి ముందు సుమారు 15 నెలల పాటు క్లౌ గారు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లు లేక కాదు. వేలమంది అడుగుతున్నా ఆయనే వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో అర్థమైతే క్లౌ గారు అర్థమవుతారు.

సర్వేయర్ కుర్రాడు

క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర పుట్టారు. తర్వాత కుటుంబం పడమటి వైపుకి, ఐయోవా రాష్ట్రానికి వలస వెళ్లింది. టీనేజ్‌లోనే ఆయన మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ భూముల సర్వే పనికి చేరారు. గొలుసులు పట్టుకుని అడవులు, చిత్తడి నేలలు కొలవడం, లెక్కలు వేయడం, మనుషుల చేత పని చేయించడం, ఇవన్నీ అక్కడే నేర్చుకున్నారు. అప్పటికి ఆయనకి దేవుడంటే పెద్ద పట్టింపు లేదు. లాయర్ కావాలనేది ఆశ. చదువుకోవడానికి కాలేజీకి వెళ్లిన రోజుల్లో యేసుక్రీస్తును స్వంత రక్షకుడిగా అంగీకరించారు. ఆ తర్వాత దారి మారిపోయింది.

ఈ సర్వే పని గుర్తుపెట్టుకోండి. దేవుడు దాన్ని వృథాగా పోనివ్వలేదు. ఎక్కడ వాడుకున్నాడో ముందు ముందు చూస్తాం.

మూసేద్దామనుకున్న మిషన్

క్లౌ గారు రాకముందు మన తెలుగు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పరిస్థితి ఏమీ బాగోలేదు. శామ్యూల్ డే గారు 1836లో ఇండియా వచ్చి, 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. ఏళ్లు గడుస్తున్నా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చర్చ జరిగింది. మ్యాపులో అంత దూరంగా ఒక్కటే చుక్కలా కనబడే ఈ స్టేషన్‌కి ఒంటరి నక్షత్రం అనే పేరు వచ్చింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ గారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. అదే ఈ రోజు మనం ప్రార్థన కొండ అని పిలుచుకునే చోటు. ఆ ప్రార్థనకి జవాబు రావడానికి పన్నెండేళ్లు పైనే పట్టింది. 1864 చివర్లో జూయెట్ గారితోపాటు క్లౌ గారు, ఆయన భార్య హారియెట్ గారు ఓడ ఎక్కారు. 1865లో మద్రాసులో దిగి, నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం మొదలైంది.

తలకొండపాడు పేరయ్య

ఇక్కడ క్లౌ గారి కథలో మనవాళ్ల పేరు ఒకటి తప్పకుండా చెప్పుకోవాలి. ఆయన ఎర్రగుంట్ల పేరయ్య గారు. కనిగిరి వైపు తలకొండపాడు ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. సత్యం కోసం ముందునుంచే వెతుకుతూ, యోగ సాధన కూడా చేసినవాడు. వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు ఏలూరులో ఒక మిషనరీ దగ్గర మొదటిసారి సువార్త విన్నాడు. విన్నదాన్ని తనలోనే దాచుకోకుండా చుట్టుపక్కల పల్లెల్లో చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో ఆయన, ఆయన భార్య బాప్తిస్మం పొందారు.

1867 జనవరిలో క్లౌ గారు తలకొండపాడు వెళ్లేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. కొన్ని రోజులు వాళ్లతోనే ఉండి, వాక్యం చెప్పి, ఒక్కొక్కరినీ పరీక్షించి 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంటే పునాది వేసింది దొరగారు ఒక్కరే కాదు. ఒక మాదిగ సహోదరుడు కాలినడకన తిరిగి దున్నిన పొలంలో ఆయన విత్తనం వేశారు. చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం ఈ పేరు మర్చిపోకూడదు.

రెండు గదుల్లో ఒకే వాక్యం

ఇప్పుడు అసలు పరీక్ష. ఒంగోలు వచ్చిన కొత్తలో ఆ రోజుల్లో చాలామంది మిషనరీలు అనుకున్నట్టే క్లౌ గారు కూడా అనుకున్నారు. ముందు పై కులాలవాళ్లు మారితే కింది వాళ్లు వాళ్ల వెనకే వస్తారని. ఒంగోలులో బ్రాహ్మణ కుటుంబాలు తమ పిల్లల్ని మిషన్ బడికి పంపించాయి. ఊళ్లో పెద్దల ఆదరణ దొరికింది. మిషనరీకి ఇంతకంటే మంచి ఆరంభం ఏం కావాలి?

అదే సమయంలో పల్లెల నుంచి మాదిగలు వచ్చి బాప్తిస్మం అడగడం మొదలుపెట్టారు. ఊరి పెద్దలు కబురు పంపారు. వీళ్లని చేర్చుకుంటే మేం మీ బడికి రాం అని దాని సారాంశం. వాళ్లు క్లౌ గారి మీద కోపంతో అన్నది కూడా కాదు. వాళ్ల లెక్కలో అది మామూలు విషయం. తేల్చుకోవలసింది క్లౌ గారే.

ఆయన తన గదిలోకి వెళ్లి ప్రార్థన చేశారు. పక్కనే పంచడానికి తెచ్చిపెట్టిన కొత్త నిబంధనలు ఉన్నాయి. ఒకటి తీస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం తెరుచుకుంది. లోకం తక్కువగా చూసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు గారు చెప్పే చోటు. ఇంకో గదిలో హారియెట్ గారు కూడా ఇదే భారంతో ప్రార్థన చేస్తూ వాక్యం తెరిచారు. తర్వాత ఇద్దరూ మాట్లాడుకుంటే తెలిసింది, ఆమెకి వచ్చిందీ అదే భాగమని.

ఇలాంటి సంఘటన విన్నప్పుడు మన దృష్టి అద్భుతం మీదకే వెళ్తుంది. ఒకే వాక్యం ఇద్దరికీ ఎలా వచ్చిందబ్బా అని. ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా పెద్ద విషయంగా అనిపిస్తుంది. క్లౌ దంపతులు ఆ వాక్యాన్ని డైరీలో రాసుకుని మర్చిపోలేదు. మాదిగ సహోదరుల్ని చేర్చుకుంటామని తేల్చి చెప్పేశారు. చెప్పినట్టే పై కులాల పిల్లలు బడి మానేశారు. పేరు, పలుకుబడి, బడి, కట్టుకున్న ప్లాన్ మొత్తం పోయింది. వాక్యానికి లోబడితే మొదట వచ్చింది ఆశీర్వాదం కాదండి, నష్టం. దాన్ని ఆయన భరించారు.

మూడు నియమాలు, మూడు దెబ్బలు

పల్లెల్లో కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకి క్లౌ గారు పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్పలేదు. చదువు రానివాళ్లకి కూడా గుర్తుండేలా మూడు సంగతులు చెప్పారు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు.

వినడానికి తేలికగా ఉన్నాయి కదా. ఆ రోజుల్లో ఒక్కొక్కటీ ఒక్కో యుద్ధం. మాదిగలకి సొంత భూమి లేదు. ఆసామి పొలంలో పని, చెప్పులు కుట్టడం, బొక్కెనలు కుట్టడం, ఊరి జాతరకి డప్పు కొట్టడం, ఇదీ వాళ్ల బతుకు. కోత కాలంలో ఆదివారం రానంటే ఆసామికి కోపం. జాతరకి డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. ఊళ్లో పశువు చస్తే దాన్ని తీసుకెళ్లి తినడం వాళ్ల వంతు అని ఏర్పాటు చేసిన లోకంలో, మేం తినం అంటే మేం కూడా మనుషులమే అని చెప్పడం అన్నమాట.

అందుకే హింస వచ్చింది. నీళ్లు తోడుకోనివ్వలేదు. అంగళ్లలో సరుకు ఇవ్వలేదు. పని ఇవ్వలేదు. దొంగ కేసులు పెట్టారు. క్లౌ గారు వాళ్ల తరఫున అధికారుల దగ్గరికి తిరిగారు. కానీ దెబ్బ తిన్నది మాత్రం వాళ్లే. అయినా ఒప్పుకున్న మాట మీద నిలబడ్డారు. వాక్యాన్ని ఆచరణలో పెట్టడం అనే మాట ఎప్పుడు వినబడినా నాకు మొదట గుర్తొచ్చేది ఈ పేరు తెలియని మనుషులే. 1876 నాటికి ఒంగోలు సంఘంలో 3 వేలకు పైగా సభ్యులున్నారు. ప్రతి ఒక్కరి వెనకా ఇలాంటి ఒక ఆదివారం ఉండి ఉంటుంది.

ధాత కరువు

1876లో వానలు పోయాయి. మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది దీన్నే, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. 1878 వరకూ మద్రాసు రాజధాని అంతా అల్లాడిపోయింది. లక్షలమంది చనిపోయారు. ఆకలితో పాటు కలరా వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం కరువు పనులు పెట్టింది గానీ ఖర్చు తగ్గించాలని చూసింది. సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి ప్రకారం, రోజంతా పని చేసిన మగ మనిషికి దొరికేది ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఒక పౌను అంటే మన లెక్కలో అరకిలో కూడా కాదు. రోజంతా మట్టి మోసిన మనిషికి అది.

మొదట దెబ్బ తగిలేది ఎవరికో మీకు తెలుసు. భూమి లేనివాళ్లకి, రేపటికి గింజ దాచుకోలేనివాళ్లకి. క్లౌ గారి బంగళా ముందు జనం నిలబడ్డారు.

ఇక్కడే ఆ పాత సర్వే పని పైకి వచ్చింది. అప్పట్లో తీరం వెంబడి మద్రాసుని కృష్ణా కాలువలతో కలిపే కాలువను కరువు పనిగా తవ్విస్తున్నారు. తర్వాత దానికే మద్రాసు గవర్నర్ పేరు మీద బకింగ్‌హామ్ కాలువ అని పేరు వచ్చింది. తన పల్లె జనం తెలియని మేస్త్రీల కిందకి వెళ్లడానికి భయపడతారని క్లౌ గారికి తెలుసు. అందుకని ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కని ఆయనే కాంట్రాక్టుకి తీసుకున్నారు. మిషనరీ వెళ్లి మట్టి పని కాంట్రాక్టరు అయ్యారు!

కొలతలు ఆయనకి కొత్త కాదు. మనిషికి ఎంత తవ్వకం, గట్టు ఎంత ఎత్తు, కూలి ఎంత, అన్నీ లెక్క కట్టారు. జనం ఉండటానికి తాటాకు గుడిసెలు, తాగడానికి బావులు ఏర్పాటు చేయించారు. సువార్త ప్రకటించే బోధకులే పనిమీద మేస్త్రీలయ్యారు. రోజుకి వేలమంది అక్కడ పని చేశారు. తమ మతంవాళ్లకే పని అని నియమం పెట్టలేదు. వేరే కులాలవాళ్లు, వేరే మతాలవాళ్లు అందరూ వచ్చారు, అందరికీ ఒకే కూలి ఇచ్చారు. కొందరు దారిలోనే పడిపోయి చనిపోయారు. కొందరు వచ్చాక కలరాతో చనిపోయారు. మిగిలినవాళ్లు పారలు పట్టుకుని నిలబడ్డారు.

గంపలు దించి సేద తీరే సమయంలో బోధకులు వాళ్ల మధ్య కూర్చునేవారు. వాళ్లు ఎక్కువగా చెప్పింది మత్తయి 11వ అధ్యాయం చివర్లో ఉన్న పిలుపు. అలసిపోయినవాళ్లనీ బరువు మోసేవాళ్లనీ యేసుప్రభువు తన దగ్గరికి రమ్మనే మాట. ఒక్కసారి ఆలోచించండి. మనం ఆ వాక్యాన్ని ఏసీ మందిరంలో కూర్చుని, ఆఫీసు టెన్షన్ గురించి అనుకుంటూ వింటాం. వాళ్లు నెత్తి మీది మట్టి గంప దించి విన్నారు.

అడిగినా ఇవ్వని బాప్తిస్మం

ఇప్పుడు ఆ 15 నెలల సంగతి. కాలువ పని మొదలైన కొన్నాళ్లకే జనం బాప్తిస్మం అడగడం మొదలుపెట్టారు. ఒకరూ ఇద్దరూ కాదు, ఊళ్లకి ఊళ్లు. మిషన్ మూసేద్దామా అనుకున్న చోట, జనమే వచ్చి మమ్మల్ని చేర్చుకోండి అంటున్నారు. అమెరికాకి రిపోర్టు పంపడానికి ఇంతకంటే ఏం కావాలి?

క్లౌ గారు కాదన్నారు. కారణం సూటిగా ఉంది. ఇప్పుడు నా చేతిలో పని ఉంది, డబ్బు ఉంది, తిండి ఉంది. వీళ్లు వస్తున్నది యేసు కోసమా, గింజల కోసమా? వాళ్ల మనసు వాళ్లకే సరిగ్గా తెలియని సమయం ఇది. ఆకలితో ఉన్న మనిషి దగ్గర విశ్వాసం అడిగితే అది నిజమో కాదో ఎవరూ తేల్చలేరు. కాబట్టి కరువు ఉన్నంతకాలం తిండి ఇద్దాం, వాక్యం చెబుదాం, బాప్తిస్మం మాత్రం ఇవ్వొద్దు. ఆయన ఆలోచన ఇదీ.

కాలువ పని అయిపోయాక కూడా సహాయ నిధుల డబ్బు ఆయన చేతుల మీదుగా పంచబడింది. అప్పుడు కూడా తలుపు తెరవలేదు. బోధకులు వచ్చి బతిమాలారు. మా పల్లెల్లో జనం నిజంగానే నమ్మారు, ఇంకా ఎంతకాలం ఆపుతారు అని. అయినా ఆగమన్నారు. అలా 15 నెలలు గడిచాయి.

ఇది ఎంత కష్టమో ఆలోచించండి. తను ఆపిన వాళ్లలో కొందరు బాప్తిస్మం లేకుండానే చనిపోయి ఉండవచ్చు. తనకి మద్దతు పంపే సంఘాలు ఫలితం అడుగుతాయి. అన్నిటికంటే ఆయన వచ్చిందే ఆత్మల కోసం. అయినా సరే, ఆకలిని ఎరగా వాడుకోవడం ప్రభువు పద్ధతి కాదని ఆయన గట్టిగా నమ్మారు.

గుండ్లకమ్మ ఒడ్డున

1878 జూన్‌లో సహాయం పంచే పని ఒక కొలిక్కి వచ్చింది. క్లౌ గారు పల్లెలకి కబురు పంపారు. ఇక డబ్బు సహాయం లేదు, మన విశ్వాసులు మాత్రం వెల్లంపల్లి దగ్గర కలవండి అని. వెల్లంపల్లి ఒంగోలుకి సుమారు 10 మైళ్ల దూరంలో గుండ్లకమ్మ దగ్గర ఉంది. ఇవ్వడానికి ఏమీ లేదని తెలిస్తే జనం పలచబడతారని ఎవరైనా అనుకుంటారు.

కానీ జనం వెల్లువలా వచ్చారు. మాకు డబ్బు వద్దు, సహాయం అడగం, మాకు బాప్తిస్మం ఇవ్వండి అని కూర్చున్నారు. ఆకలికి చనిపోయినా సరే ఈ విశ్వాసంలోనే చనిపోతామని వాళ్ల పట్టుదల. ఇక ఆపడానికి క్లౌ గారి దగ్గర కారణం లేకపోయింది.

అప్పుడు కూడా గుంపుని గుంపుగా నీళ్లలోకి దించలేదు. ప్రతి బోధకుడూ తన పల్లెల జనాన్ని చెట్ల కింద విడివిడిగా కూర్చోబెట్టి, పేర్లు రాసి, ఒక్కొక్కరి జీవితం ఎలా ఉందో విచారించారు. ఎవరికీ తెలియనివాళ్లని, సందేహం ఉన్నవాళ్లని వెనక్కి పంపారు. ఆ తర్వాతే బాప్తిస్మాలు. జూలై 2న 614 మంది. 3న 2,222 మంది. 4న 700 మంది. మూడు రోజులకి మొత్తం 3,536. జూన్ 16 నుంచి జూలై 31 లోపు లెక్క 8,691.

3వ తేదీన బాప్తిస్మం ఇచ్చింది క్లౌ గారు కాదు. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని, ఉదయం నుంచి సాయంత్రం వరకూ మధ్యాహ్నం విరామం తీసుకుని ఆ పని చేశారు. ఆయన ఒడ్డున ఉండి క్రమం చూసుకున్నారు. చరిత్రలో తన పేరు మీద నిలిచిపోయిన రోజున ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. మన మీటింగుల పోస్టర్లలో ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలి అనే గొడవలు చూసినప్పుడల్లా నాకు ఈ ఒడ్డు గుర్తొస్తుంది.

ఆ తర్వాత

అంతా సుఖాంతం అయిపోయిందని చెప్పను. ఒక్కసారిగా వచ్చిన వేలమందిని పోషించడానికి కాపరులు చాలలేదు, బడులు చాలలేదు, డబ్బు చాలలేదు. క్లౌ గారు మిగిలిన జీవితంలో ఎక్కువ భాగం పనివాళ్లని పంపమని అమెరికా సంఘాలని అడగడంలో, ఒంగోలు ఫీల్డుని భాగాలుగా చేసి వేరేవాళ్లకి అప్పగించడంలో గడిపారు. 1890 డిసెంబరు 28న మళ్లీ ఒకే రోజు 1,671 మందికి బాప్తిస్మాలు జరిగాయి.

1893లో హారియెట్ గారు ప్రభువు పిలుపు అందుకున్నారు. తర్వాత ఆయన తోటి మిషనరీ ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహం చేసుకున్నారు. పేరయ్య గారి గురించి, మాదిగ విశ్వాసుల గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసింది ఈమే. 1910లో అమెరికాలో క్లౌ గారు కన్నుమూశారు. ఆయన చెప్పగా ఎమ్మా గారు రాసిన జీవిత కథ 1914లో అచ్చయింది. ఒంగోలులో క్లౌ గారి పేరు మీద ఉన్న ఆసుపత్రి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

మన జీవితంలో ఎలా?

మొదటిది, సహాయానికి ముడి వెయ్యకుండా ఉండటం. ఆశ చూపి మతం మార్చారు అనే నింద మన మీద ఎప్పుడూ ఉంది, ఈ రోజు మరీ ఎక్కువ. దానికి టీవీ డిబేట్‌లో జవాబు చెప్పడం తేలిక. క్లౌ గారు 15 నెలలు చేతల్లో చెప్పారు. మరి మనం? వరద వచ్చినప్పుడు సరుకుల సంచి ఇచ్చేముందు బ్యానర్ పట్టుకోమంటున్నామా? ఫొటో తీసుకునే దాకా ముసలావిడని ఎండలో నిలబెడుతున్నామా? కుడిచేతి పని ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు బోధని మొబైల్ కెమెరా ముందు ఎలా పాటించాలో మనమే తేల్చుకోవాలి. ఇది మన ఛానెల్‌కి కూడా వర్తిస్తుంది. మా టీమ్‌లో ఈ విషయం మాట్లాడుకున్నాం. ఇకమీదట మేం చేసే సహాయ కార్యక్రమాల్లో తీసుకునేవాళ్ల ముఖాలు వీడియోలో చూపించం.

రెండోది, కులం. క్లౌ గారు బడి మొత్తం పోగొట్టుకుని ఏ వాక్యానికి లోబడ్డారో, ఆ వాక్యం మన బైబిల్లో కూడా ఉంది. ఆదివారం ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తాం. సోమవారం పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న ఏంటి? రెండు సంఘాలు ఒకే ఊళ్లో పక్కపక్కనే ఉండి కలవకపోవడానికి అసలు కారణం సిద్ధాంతమేనా? దీనికి నేను జవాబు చెప్పక్కర్లేదు. మీ ఊరు మీకు తెలుసు.

మూడోది, మన చేతిలో ఉన్న పని. కరువు వచ్చినప్పుడు క్లౌ గారు ప్రసంగం ఒక్కటే చెయ్యలేదు, కొలత గొలుసు కూడా తీశారు. మీరు నర్సు కావచ్చు, అకౌంటెంట్ కావచ్చు, ఆటో నడుపుతూ ఉండవచ్చు, నాలాగా కోడ్ రాస్తూ ఉండవచ్చు. ఆ పని పరిచర్యకి అడ్డం అనుకోకండి. స్కాలర్‌షిప్ ఫారం నింపడం రాని పిల్లవాడికి, పెన్షన్ ఆగిపోయిన అవ్వకి, ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకున్న అన్నకి మీకు తెలిసిన ఆ కాస్త పనే దేవుడు పంపిన జవాబు కావచ్చు.

నాలుగోది, అంకెల తొందర. ఫలితం కళ్లముందు ఉన్నా, అది నిజమైనది కాకపోవచ్చు అనిపిస్తే ఆగగలిగే ధైర్యం మనకి కావాలి. సబ్‌స్క్రైబర్లు, లైకులు, కూటాలకి వచ్చిన తలకాయలు, ఇవన్నీ పెరగాలని మేం కూడా ప్రార్థన చేస్తాం, దాచేదేం లేదు. కానీ ఆ కోరిక కోసం ఎవరి అవసరాన్నీ వాడుకోకూడదు. మనం ఇచ్చింది తీసుకుని, మన మాట వినకుండా వెళ్లిపోయే హక్కు ఎదుటి మనిషికి ఉండాలి. అప్పుడే అది ప్రేమ.

ఈ వారం ఒక చిన్న పని చేద్దామా? మీకు తెలిసిన ఒక్క అవసరాన్ని ఎంచుకోండి. మన సంఘం కాని మనిషి అయితే ఇంకా మంచిది. మందిరానికి రమ్మని అడగకుండా, స్టేటస్ పెట్టకుండా ఆ అవసరం తీర్చండి. ఆయన అడిగితే ప్రభువు గురించి చెప్పండి. అడగకపోతే ఆయన కోసం రహస్యంగా ప్రార్థన చేయండి.

ప్రార్థన

ప్రేమగల మా పరలోకపు తండ్రీ, మా తెలుగు నేల మీద నీవు పంపిన క్లౌ గారిని బట్టి, పేరయ్య గారిని బట్టి, పేర్లు తెలియని వేలమంది విశ్వాసులను బట్టి నీకు స్తోత్రాలు. ఆకలితో ఉన్నవారికి ముడి లేకుండా పెట్టే చెయ్యి మాకు దయచేయి. తక్కువగా చూడబడిన వారిని నీవు చూసినట్టు చూసే కళ్లు ఇవ్వు. మా చేతి పనిని నీ పనిగా వాడుకో. చదివిన వాక్యాన్ని సోమవారం నుంచి శనివారం వరకూ బతికే కృప మాకు ఇవ్వమని యేసుక్రీస్తు పరిశుద్ధ నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.

మీ సంఘానికి, మీ తాతముత్తాతలకి ధాత కరువుతోనో, గుండ్లకమ్మ బాప్తిస్మాలతోనో సంబంధం ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన సంగతులు అడిగి రాసిపెట్టుకోండి. అవి మన పిల్లలకి అవసరం. వచ్చే వారం ఇంకో దైవజనుడి జీవితంతో కలుద్దాం. దేవునికే మహిమ కలుగును గాక.